ఖాళీ గడి

మార్యున్ టికెట్ కిటికీ వెనక
ముప్పైయొక్క ఏళ్లు కూచుంది.
ఆ కిటికీకి తెలిసిందంతా ఇప్పుడు
ఒక ఎక్సెల్ పట్టికై నా ముందుంది.
రెండు వందల పద్నాలుగు వరసలు:
ఎవరు, ఎక్కణ్ణించి, ఎక్కడికి, ఎంత.
అన్నిటికన్నా చివర, ఎవరూ పెట్టమనని గడి:
"ఎందుకంటే".

నా పని చిన్నదే.
ఒక్కో వరసనీ ఒక్కో పరీక్షగా మార్చాలి.
యంత్రం ఆమె రాసింది చదువుతుంది,
కొత్త ప్రోగ్రాముని అదే ప్రశ్న అడుగుతుంది,
జవాబు కలిస్తే పచ్చ, లేకపోతే ఎరుపు.
మధ్యలో నా తెలివి దూర్చకూడదు.
అద్దం తుడిచేవాడికి
తన మొహం చూసుకునే హక్కు లేదు.

టోర్‌షావ్న్‌లో ఐదో రోజూ వాన.
రేవులో పడవలు తాళ్లు లాక్కుంటున్నాయి.
నేను చదువుతున్నాను:

పదకొండేళ్ల పిల్లాడు, సగం.
పన్నెండు నిండితే, పూర్తి.
తుఫానుకి ఆలస్యమై
నీళ్ల మీదే అర్ధరాత్రి దాటి
నీళ్ల మీదే పన్నెండు నిండితే?
సగమే. ఎందుకంటే,
"ఎక్కినవాడికి పదకొండు."

హద్దుల గురించి నాలుగేళ్లు చదివాను.
ఇంత పొందిగ్గా ఎవరూ చెప్పలేదు.

వయొలిన్‌కి టికెట్ లేదు, చెల్లోకి ఉంది.
ఎందుకంటే, "అది కూచుంటుంది."
కొమ్ములకి గోనె చుట్టిన పొట్టేలు, నలభై క్రోనాలు.
చుట్టకపోతే సరుకుల గదిలో, అరవై.
ఎందుకంటే, "యాకుప్ మోకాలు."

ఆమెని ఒక్కసారీ చూడకుండానే
ఆమె గొంతు నాకు పట్టుబడింది.
నూట పన్నెండో వరస దగ్గర కూడా ఆగలేదు:
శవపేటిక, దీవి నించి ఊరికి, సున్నా.
తిరుగు ప్రయాణం, ఖాళీ.
ఎందుకంటే, అదీ ఖాళీ.

యంత్రం ఖాళీని సున్నాగా చదువుకుంది.
ప్రోగ్రామూ సున్నా అంది.
పచ్చ.

గురువారం మార్యున్ వచ్చింది,
తడిసిన ఉన్ని టోపీ మోకాలి మీద పెట్టుకుని
తెర మీద వేలుతో వరసలు దిగుతూ
ఒకచోట ఆగింది.
"ఇదెందుకు పచ్చగా ఉంది?"
ధర సున్నా కదా, అన్నాను.

"సున్నా అంటే
టికెట్ ఉంది, డబ్బు అడగం అని.
నేనక్కడ సున్నా రాయలేదు బాబూ.
వదిలేశాను."

గదిలో హీటరు ఒకటే మాట్లాడింది.
ఏ వరస ఏ రోజు రాశారో ఫైలు చెబుతుంది.
మిగతావన్నీ సోమవారాలూ మంగళవారాలూ,
పని గంటల్లో, కాఫీకి ముందూ తర్వాతా.
నూట పన్నెండు మాత్రం
ఫిబ్రవరిలో ఒక ఆదివారం,
తెల్లవారుజామున నాలుగింటికి.
ఆఫీసుకి ఆదివారం తాళం.
నేనేమీ అడగలేదు.

పరీక్ష తిరగరాశాను.
ఎవరైనా ఆ తిరుగు టికెట్ అడిగితే
ప్రోగ్రాము ఇవ్వకూడదు.
కానీ ఇవ్వనని ఏదో మాటతో చెప్పాలి కదా,
యంత్రానికి మౌనం రాదు.
"తప్పు వివరాలు" అని ఉంది పాత సందేశం.
అది చదివి ఆమె తల అడ్డంగా ఊపింది.
కీబోర్డు తన వైపు లాక్కుంది.
ఒక్కో అక్షరం వెతుక్కుంటూ,
ఒకటి చెరిపి, మళ్లీ అదే కొట్టి,
ఇన్నేళ్ల ఖాళీలో రాసింది:

"కిటికీ దగ్గరికి రండి."

ఆ కిటికీ వచ్చే నెల మూసేస్తున్నారు.
ఇద్దరికీ తెలుసు.
అయినా ఆ మాటకి నేను పరీక్ష రాశాను,
అక్షరం తప్పినా ఎర్రబడేలా.

సాయంత్రానికి రెండు వందల పదమూడు పచ్చగా వెలిగాయి.
గోనె చుట్టని పొట్టేలు మాత్రం
ఇంకా ఎర్రగానే ఉంది.